అతుకు తెలియని పోగు

వడ్డించిన ఆకు ముందు నుంచి నిత్య లేచిపోయింది. అన్నంలో వేలు కూడా పెట్టలేదు.

సుందరవల్లి గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. పొద్దున ఇడ్లీలకూ ఇదే గతి పట్టింది. నిన్న కొడుకూ కోడలూ తిరుత్తణి నుంచి ఒకే బస్సులో వచ్చారు. పొదటూరుపేట స్టాండులో దిగి, వీధి పొడుగునా ఒకరి వెనక ఒకరు, మధ్యలో నాలుగిళ్ళ ఎడం వదిలి నడిచారు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళందరూ చూశారు. చూసినవాళ్ళు ఊరుకుంటారా? పాలు పోసే మనిషి కూడా పొద్దున్నే ఆరా తీసి పోయింది.

"రేపు కొండ మీద ఆడి కృత్తిక పండగ. మొగుడు మాలేసుకోని కావడి ఎత్తేదానికి వచ్చినాడు. పెళ్ళాం పస్తులుండేదేందమ్మే?"

నిత్య పెరటి గుమ్మం వైపు నడిచింది.

"వాడేమన్నా అనుంటే చెప్పు. కన్నదాన్ని, నేనడగతా."

"ఏమీ అన్లేదత్తా."

"నువ్వేమన్నా అన్నావా?"

"నేనూ అన్లేదు."

"అదే నా కవలై, నా దిగులు. ఇద్దురూ ఏమీ అన్లేదు. అయినా నిన్నట్నించి ఈ ఇంట్లో ఊపిరాడ్డంలేదు."

అన్నం అంటని చేతిని కడుక్కోవడానికి నిత్య పెరట్లోకి పోయింది.

ఏం చెబుతుంది? రేపటి పూల కావడి మొక్కుకున్నదే ఒక పరిశోధన పేపరు కోసం. మొగుడు శ్యామ్‌సుందర్ కొలతలూ, నిత్య లెక్కలూ కలిపి, ఇద్దరికీ గైడైన వరదన్ సార్ పేరు చివర పెట్టి రాసిన పేపరు పెద్ద పత్రికలో అచ్చవుతుందని తెలిసిన రోజున, సుందరవల్లి వాకిట్లో నిలబడి తిరుత్తణి కొండ వైపు చేతులెత్తింది. నా కొడుకు చేత కావడి ఎత్తిస్తాను స్వామీ అంది. ఆ కొలతలు ఉన్నవి ఉన్నట్టుగా లేవని నిత్య కనిపెట్టింది ఇప్పుడు. తిరువళ్ళూరులో తాముండే అద్దె ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి అడిగితే శ్యామ్ తప్పించుకోలేదు. అవునన్నాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటలు పడిపోయాయి.

పత్రికవాళ్ళు అచ్చుకు పంపే ముందు పేపరు మీద పేరున్న ప్రతివాళ్ళకీ మెయిలు పంపారు. ఒప్పుకుంటున్నట్టు అందులో నొక్కాలి. వరదన్ సార్ నొక్కేశారు. శ్యామ్ నొక్కేశాడు. మిగిలింది నిత్య ఒక్కతే. ఈ సాయంత్రంతో గడువు సరి.

నొక్కితే తన పేరు పెట్టుకుని ఆ అబద్ధం లోకమంతా తిరుగుతుంది. నొక్కనంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పిన మరుక్షణం శ్యామ్ చదువు మూతపడుతుంది. పుట్టింటికి పోయి నాలుగు రోజులు తల దాచుకుందామా అంటే, నేతవాళ్ళ అబ్బాయిని చేసుకున్న కూతురికి కవరైపేట్టైలో తండ్రి దామోదరం ఇంటి తలుపు ఇంకా సగమే తెరుచుకుంది.

ముందు గదిలో మగ్గం ఆడుతూ ఉంది. మామ పళని గుంటలోకి కాళ్ళు వేలాడేసుకుని, రేపు కొడుకు నడుముకు కట్టుకోవలసిన పసుపు పంచె నేస్తున్నాడు. వీధిలో తక్కిన ఇళ్ళన్నీ పవర్‌లూములకు మారి చాలా కాలమైంది. స్వామి పనికి మిషను బట్ట పనికిరాదని ఆయన పట్టు.

"రామ్మా, కూర్చో," అన్నాడు, పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఆపకుండా. "మీయత్త నిన్నడగమని ఒకటే పోరు. నాకు అడిగేది తెలీదు. నువ్వే చెప్పు."

నిత్యకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. కొంగుతో మొహం తుడుచుకుని గోడకు చేరబడింది.

"వానలప్పుడు మీ లేబులో ఐస్ పెట్టె చెడిపోయిందని వాడు ఫోన్లో చెప్పినాడు. అదేనా?"

"మొదలు అదే మామా."

"ఐస్ పెట్టె చెడిపోతే మెకానిక్కును పిలుచుకుంటారు. మొగుడూ పెళ్ళాం కొట్లాడుకుంటారా?"

అది ఐసు చేసే పెట్టె కాదని, అందులోని చలి ఏ మంచుకొండ మీదా ఉండదని నిత్య చెప్పింది. అంత చలిలో పెట్టి మీరు చూసేదేమిటని ఆయన అడిగాడు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న ఎవరైనా అడగడం అదే మొదలు. ఆమెకు ప్రాణం లేచివచ్చినట్టయింది. వెంట్రుకను నిలువునా వేయి చీలికలు చేస్తే ఒక చీలిక ఎంతుంటుందో అంత సన్నని తీగ అని చెప్పింది. ఒక పక్క రవ్వంత వేడి, ఇంకో పక్క చలి. ఆ తేడాకే కరెంటు కదులుతుంది. తీగ సరిగ్గా కుదిరితే అందులో ఒక వింత పుడుతుంది, ఒకే ఎలక్ట్రాను చెరి సగమై, సగం ఈ కొసనా సగం ఆ కొసనా కాపురమున్నట్టు. మజొరానా అంటారు దాన్ని. చాలామంది చూశామన్నారు, చూసింది వేరొకటని తర్వాత తేలింది.

"మరి ఉండేదీ లేనిదీ ఎట్ట తెలుస్తుంది?"

"అది ఉంటే అటుపోయే కరెంటూ ఇటొచ్చే కరెంటూ సరిగ్గా సమానం మామా. తీసివేస్తే సున్నా."

"సున్నా అంటే ఏమీ లేదనే గదా?"

"రేపు కొండ మీద చూడండి. మెట్లెక్కేవాళ్ళెంతో దిగేవాళ్ళూ అంతే. ఎక్కినోళ్ళలోంచి దిగినోళ్ళను తీసేస్తే ఏం మిగల్దు. కొండ ఖాళీగా ఉండాదంటారా?"

"ఎట్టంటాం? జనం సద్దు కింద బజారు దాకా వస్తాది."

"ఆ సద్దే మేము కొలిచేది. చచ్చిపోయిన తీగలోనూ కరెంటు సున్నానే, మంచి తీగలోనూ సున్నానే. తేడా చెప్పేది ఆ సద్దు తీరొక్కటే. ఎంత వేడికి ఎంత సద్దుండాల్నో నేను లెక్క కట్టి గీత గీసినాను. మీ అబ్బాయి కొలిచినాడు."

"కొలిస్తే?"

నిత్య చూపు పసుపు పంచె మీదికి తిప్పుకుంది. ఈ ముసలాయన మొహం చూసి, నీ కొడుకు ఇట్లా చేశాడని ఎట్లా అంటుంది?

పుటుక్కుమని పడుగు పోగు ఒకటి తెగింది. నాడె ఆగిపోయింది. పళని ముందుకు వంగి తడుముకున్నాడు. కంటి మీద పొర వచ్చినప్పటి నుంచి తెగిన కొస ఆయనకు సులువుగా దొరకడం లేదు.

లోపలి గుమ్మంలోంచి శ్యామ్ వచ్చాడు. గడ్డం మాసి ఉంది, మెడలో మాల, నడుముకు పసుపు పంచె. ఎంతసేపటి నుంచి వింటున్నాడో. తండ్రి పక్కన గొంతుక్కూర్చుని రెండు కొసలూ పట్టుకున్నాడు. వేలికి తడి అంటించి, ముక్కలో ముక్క కలిపి పురి తిప్పాడు. అంతే.

ఆ వేళ్ళను చూసే కదా నిత్య మనసు పారేసుకుంది. లేబులో చిప్పు మీద బంగారు తీగ అంటించాలంటే ఎవరి చెయ్యయినా వణికేది. శ్యామ్ ఒక్కడే ఊపిరి బిగబట్టకుండా, పాత సినిమా పాట కూనిరాగం తీస్తూ అతికేవాడు. పక్క లేబులవాళ్ళు కూడా వచ్చి నిలబడి చూసేవాళ్ళు.

"యాడ అతికినానో చూపించు," అన్నాడు నిత్యతో. నిన్నటి నుంచి ఆమెతో అతను అన్న మొదటి మాట అది.

నిత్య వంగి చూసింది. కనిపించలేదు.

శ్యామ్ తండ్రి వైపు తిరిగాడు. "నేను చేసింది ఇదే నాయనా. కొలత సగంలో ఉండంగా కరెంటు పోయింది. పెట్టె వేడెక్కింది. మళ్ళా చల్లబరిస్తే తీగ మునపటి తీగ మాదిరి లేదు. ముందర సగం, ఎనక సగం ఒకదానికొకటి కలవలేదు. నిత్య గీసిన గీతను ముందర పెట్టుకోని కలిపినాను. ఎగుడుదిగుడుండే చోట సాపు చేసినాను. ఆపైన తీగ చచ్చిపోయింది. మళ్ళా కొలిచేదానికి లేదు."

పళని అతికిన పోగును వేలితో తడిమాడు. "పోగు నీదేనా?"

"నాదే. రెండు సగాలూ నేను కొలిచినవే."

"ఇంకొకరిది కాదు గదా?"

"కాదు."

"అట్టయితే తప్పేముండాది? తెగినాక అతక్కుండా మగ్గం వదిలేసి పోతారా?"

వంటింటి గుమ్మంలో సుందరవల్లి గుండెల మీద చెయ్యి వేసుకుని పెద్ద ఊపిరి వదిలింది. నిన్నటి నుంచి ఆమె బుర్రలో ఏమేమి తిరిగాయో, ఏ తాగుడు, ఏ ఆడమనిషి, అవన్నీ ఆ ఊపిరితో పోయాయి. "ఓసి పిచ్చిదానా, దీనికా?" అంది. "అతుకు తెలీకుండా వేసేదానికి ఈ వీధిలో నీ మొగుడి ఎనకాలే ఎవురన్నా. బళ్ళో చదివేటప్పుడే పక్కిళ్ళోళ్ళు వచ్చి పిలుచుకోని పొయ్యేవాళ్ళు. అది గొప్పే గానీ తప్పా?"

నిత్య ముగ్గురినీ చూసింది. ముగ్గురి మొహాల్లోనూ కల్లాకపటం లేదు. తరాలుగా ఈ ఇంట్లో మంచి పనితనమని పేరున్నదే ఆ లేబులో నేరం. ఆ సంగతి ఈ మనుషులకు తన నోటితోనే చెప్పాలి. అది తెలిసిన ఒక్క మనిషి, తన మొగుడు, అటువైపే కూర్చున్నాడు.

"బట్టలో అతుకు కట్టుకునేవాళ్ళకు గుచ్చుకోకూడదత్తా," అంది మెల్లిగా. "మాకు ఆ గుచ్చుకునేదే కావాల. ఆయన సాపు చేసిన ఎగుడుదిగుడుండాది చూడండి, మేము వెతికింది దాన్నే. ఆ సద్దును తీసేసినాడు. తీసేసి, నేను గీసిన గీతను తిప్పి నాకే చూపించినాడు."

"నీ గీత తప్పా?" అన్నాడు శ్యామ్.

"తెలీదు."

"నాకు తెలుసు. తప్పు కాదు. ఆ లేబులో నీ లెక్కను నమ్మినోడు నేనొక్కణ్ణే."

"నమ్మినోడు కొలవాల. తప్పని తేలితే తప్పని నా మొహాన చెప్పాల. నువ్వు నమ్మలేదు శ్యామ్. భయపడినావు."

పెద్దవాళ్ళ ముందు ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం ఎన్నడూ లేదు. సుందరవల్లి చటుక్కున తల తిప్పింది. పళని నాడె తీసుకున్నాడు. మగ్గం మళ్ళీ ఆడింది, ఇందాకటి కన్నా నెమ్మదిగా.

పెరట్లో బట్టలుతికే రాయి మీద నిత్య కూర్చుని ఉంటే శ్యామ్ వెతుక్కుంటూ వచ్చాడు. దూరంగానే నిలబడ్డాడు.

ఆ కొలతలు తెచ్చి చూపించిన రోజు ఆమెకు బాగా గుర్తుంది. చుక్కలన్నీ వచ్చి తన గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి. తిరువళ్ళూరు స్టేషను బయట ఇద్దరూ మల్లెపూలూ జిలేబీ కొనుక్కుని ఇంటికి పోయారు. చుక్కలు అంత బుద్ధిగా ఉండవని ఆమెకు తెలియదా? తెలుసు. ఆ పూట అనుమానాన్ని గడప దాటి లోపలికి రానివ్వలేదు, అంతే.

ఆ మాటే అతనికి చెప్పింది. తప్పు నీ ఒక్కడిదే కాదంది. సార్‌కు ఇద్దరం కలిసి ఫోను చేద్దాం, రెండు సగాలు కలవడం లేదు, కొత్త తీగ తయారయ్యేదాకా పేపరు ఆపండి అని అడుగుదాం. ఎవరు ఏం చేశారన్నది ఆయన అడగకపోతే మనం చెప్పవద్దు.

శ్యామ్ నవ్వాడు. ఆ నవ్వులో ప్రాణం లేదు. "నువ్వూ అతకతా ఉండావే."

నిత్య దెబ్బ తిన్నట్టు చూసింది. తర్వాత ఒప్పుకుంది. "అవును. నీకోసం."

"సార్ అడగకుండా ఉంటాడా? అడిగితే నా పని అయిపోతుంది. యాడికి పోవాల నేను? ఆ గుంటలోకా?" ముందు గది వైపు చెయ్యి చూపించాడు. "నాయన నన్ను దాంట్లోంచి లేపి, ఇంక ఇందులో కాలు పెడితే కాలిరగ్గొడతానని బడికి పంపినాడు. నేను తిరిగొచ్చి కూర్చుంటే ఆయన బతకడు."

"బతుకుతాడు. నేనుండా గదా నీతో."

శ్యామ్ తల వంచుకుని, మెడలోని మాలను వేళ్ళతో తిప్పుతూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత, "తానం చేసొస్తా," అన్నాడు. "ఆపైన చేద్దాం ఫోను."

అతను లోపలికి పోయాక నిత్య అక్కడే కూర్చుని ఆ మౌనాన్ని మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కాదనలేదు. పోట్లాడలేదు. చేద్దామన్నాడు. ఇన్నాళ్ళ కాపురంలో శ్యామ్ ఊరుకున్నాడంటే ఒప్పుకున్నాడనే అర్థం. లేచి వంటింట్లోకి పోయి, "అత్తా, ఆకలవతా ఉండాది," అంది.

సుందరవల్లి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చల్లారిన అన్నం పక్కన పెట్టి, వేడి రసం కాచి, అప్పడం వేయించి, ఎదురుగా కూర్చుని తినిపించినంత పని చేసింది. మాలేసుకున్న మొగుడితో మాట పట్టింపులు స్వామికే నచ్చవని బుద్ధి చెప్పింది. రేపు కొండెక్కేటప్పుడు వాడి పక్కనే నడవమంది, వీధిలో వాళ్ళ నోళ్ళు మూతపడతాయంది. నిత్య అన్నిటికీ తలూపింది. ముద్ద గొంతు దిగుతున్నందుకే ఆమెకు ఆశ్చర్యంగా ఉంది.

తిన్నాక అత్తాకోడళ్ళిద్దరూ ముందు గదిలో చాప వేసుకుని కావడికి పూలు కట్టడానికి కూర్చున్నారు. చామంతులు తడి గుడ్డలో రాశిగా ఉన్నాయి. పంచె అంచు దాకా వచ్చింది, ఇంకొక మూర ఉంటే అయిపోతుందని పళని చెప్పాడు. శ్యామ్ స్నానం చేసి తడి తలతో వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఫోను చేద్దామా అన్నట్టు నిత్య చూసింది. ఈ మూర పూలు కట్టేసి చేద్దామని వేలితో చూపించింది. శ్యామ్ చూపు తిప్పుకున్నాడు.

అప్పుడు గూట్లో చార్జింగుకు పెట్టిన నిత్య ఫోను మోగింది.

సుందరవల్లి తీసి చూసి, "మీ సారే," అంది సంబరంగా. కోడలి చేతులు తడిగా ఉన్నాయని తనే స్పీకరు నొక్కి చాప మీద పెట్టింది.

వరదన్ సార్ తమిళంలో మాట్లాడారు. ఆ ఇంట్లో తమిళం అర్థం కానివాళ్ళు లేరు. ఆయన గొంతు నిండా సంతోషం. నీది కూడా ఇప్పుడే వచ్చేసిందమ్మా, ముగ్గురి ఒప్పుదలా అందిందని పత్రికవాళ్ళు మెయిలు పంపారు, అచ్చుకు పోయినట్టే, ఆఖరు దాకా ఆపి నన్ను హడలగొట్టావు గదా అన్నారు. తిరుత్తణి స్వామికి నా పేరున కూడా ఒక కర్పూరం వెలిగించమన్నారు.

చామంతి నిత్య వేళ్ళల్లోనే ఉండిపోయింది.

ఫోను గూట్లో ఉంది. తను పెరట్లో ఉంది, తర్వాత వంటింట్లో అన్నం తింటూ ఉంది. ఆ ఫోను లాకు తెరిచే గీత తను కాక ఇంకొక్కరికే తెలుసు. ప్రేమించుకునే రోజుల్లో, లోకల్ రైల్లో పక్కన కూర్చుని, అతని వేలు పట్టుకుని తనే గీయించింది.

గుమ్మం దగ్గర శ్యామ్ కదల్లేదు. తల నుంచి నీళ్ళు కారి మాల మీద పడుతున్నాయి. ఇప్పుడు తలొంచుకోలేదు, ఆమెనే చూస్తున్నాడు. ఊరుకో అని చూపుతోనే అడుగుతున్నాడు. ఒక్క మాట అనకుండా ఊరుకుంటే చాలు. తన పేరూ అతని పేరూ కలిసిన చోట అతుకు ఎవరికీ, ఎప్పటికీ కనిపించదు.

"నిత్యా? ఉన్నావామ్మా?" అన్నారు సార్.

"ఉండాను సార్." ఆమె తెలుగులో అంటోందని ఆమెకే తెలియలేదు. తర్వాత తమిళంలో, ఒక్కొక్క మాటే కూడగట్టుకుని చెప్పింది. "నేను నొక్కలేదు సార్."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"నువ్వు నొక్కలేదా? మరి ఎవరు?"

సుందరవల్లి చెయ్యి ఫోను మీదికి పోయింది. ఆపెయ్యడానికే పోయింది గానీ, కోడలి మొహం చూసి గాల్లోనే నిలిచిపోయింది.

మగ్గం ఆగింది. పళని తల ఎత్తలేదు. అంచు దాకా వచ్చిన పసుపు పంచె మీద అరచెయ్యి ఆనించి, తెలుగులో, అతి నెమ్మదిగా కొడుకును అడిగాడు.

"ఈ పోగు కూడా నీదేనా?"

చాప మీద ఫోను వెలుగుతూనే ఉంది. అవతల వరదన్ సార్ జవాబు కోసం ఎదురుచూస్తున్నారు.